కర్రీ పాయింటు వెనక అమెరికా

అమెరికా అధ్యక్షుడంటే నాకు భయం లేదు. వచ్చినవాణ్ణి వచ్చినట్టు కడిగి ఆరేశాను. మా పక్షంవాడైతే కాస్త మెత్తగా, అవతలి పక్షంవాడైతే పీచు పెట్టి. వాళ్ళ సెనేటన్నా లెక్కలేదు, పన్నుల శాఖన్నా లెక్కలేదు. నా భయమంతా ఒక్క గోవిందరాజులు గారంటేనే. ఆయన మా పిప్పలంక మునిసిపాలిటీలో శానిటరీ ఇన్‌స్పెక్టరు. ఆయన మోటారు సైకిలు మా వీధి మలుపు తిరిగిందంటే చాలు, అప్పటిదాకా వాషింగ్టన్‌ని దడదడలాడించిన నా గొంతు దానంతటదే తగ్గిపోతుంది.

నా పేరు పులిగడ్డ సాంబమూర్తి. నా ఛానల్ పేరు 'నిఖార్సు అమెరికా'. చూసేవాళ్ళు చెప్పుకోదగ్గంత మంది లేరు కాబట్టి ఎంతమందో చెప్పను. అమెరికాలో రెండు పక్షాలున్నాయి. అన్నీ ప్రభుత్వమే చూసుకోవాలనేది ఒకటి. ప్రభుత్వం చిన్నగా ఉండాలి, పన్నులు తగ్గాలి, పాత పద్ధతులు చెదరకూడదు, ఎవడి కాళ్ళ మీద వాడు నిలబడాలి అనేది రెండోది. నేను రెండోదాంట్లో చేరాను. చేరమని ఎవరూ అడగలేదు. ఆ దేశంలో ఒకాయన టోపీ పెట్టుకుని, కారు షెడ్డులో కూచుని, మైకు ముందు పెట్టుకుని మాట్లాడే వీడియో ఒకటి చూశాను. ఆయన వెనక ఏ టీవీ కంపెనీ లేదు. పెద్ద ఛానళ్ళ మాట నమ్మకండి, నేనెవడికీ జవాబుదారీ కాదు, అన్నాడు. నా ఒళ్ళు పులకరించింది. ఆ మర్నాడే పంచదార ఫ్యాక్టరీలో గుమాస్తా ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, అలాంటి టోపీ, అలాంటి మైకు కొనుక్కున్నాను.

మా ఆవిడ భ్రమరాంబ ఆ వారంలోనే వీధి వసారాలో బల్ల వేసి కర్రీ పాయింటు పెట్టింది. నేను స్వతంత్రంగా బతకడం అప్పుడే మొదలైంది.

నా స్టూడియో కర్రీ పాయింటు వెనక గదిలో. భ్రమరాంబ నీలం పట్టుచీర గోడకి కట్టి, దాని ముందు కూచునేవాణ్ణి. సరిహద్దు గోడ కట్టి తీరాల్సిందే అని నేను బల్ల గుద్దితే అవతల పప్పు గిన్నె మూత ఖంగుమనేది. నా వీడియో కింద మొదటి కామెంటు ఎప్పుడూ మా వీధి టైలరు మస్తాన్‌దే. అమెరికా అప్పుల గురించి గంటసేపు గొంతు చించుకుంటే, "సార్, ఇవాళ గుత్తివంకాయ ఉందా, అయిపోయిందా?" అని రాసేవాడు. అయినా వాడు నా అభిమానే. మిగతావాళ్ళు అదైనా రాసేవాళ్ళు కాదు.

మన రాజ్యాంగం, మన సరిహద్దు, మన డాలరు అని అనేవాణ్ణి. మన అంటే వాళ్ళది. మనది కాదు. మన వీధి దీపం వెలగట్లేదు, దాని గురించి కూడా ఓ ముక్క చెప్పకూడదా అని భ్రమరాంబ ఒకసారి అడిగింది. అలాంటి వాటిలో తలదూరిస్తే స్థాయి పడిపోతుందని చెప్పాను. అసలు సంగతి వేరే. వీధి దీపాలు చూసే ఆయన గోవిందరాజులు గారి పక్క కుర్చీలోనే కూచుంటాడు.

గోవిందరాజులు గారికి ఒక అలవాటుంది. సరిగ్గా కూరలు దిగే వేళకి వస్తారు. బల్ల ముందు జనం వరసలో నిలబడి ఉంటారు. ఆయన ఆ వరస వైపు చూడను కూడా చూడరు. బండి బల్లకి అడ్డంగా ఆపి, దిగకుండా, పక్క నుంచి చెయ్యి చాపుతారు. ఆ చేతిలో ప్యాకెట్టు పడాలి. వరసలో వాళ్ళు చెప్పులు చూసుకుంటారు. భ్రమరాంబ గరిటె గట్టిగా కొట్టి ప్యాకెట్టు అందిస్తుంది. నేను లోపల, అమెరికాలో అధికారుల అహంకారం ఎలా పెరిగిపోయిందో గొంతు తగ్గించి చెబుతూ ఉంటాను.

ఇలా ఉండగా రాజధాని నుంచి ఉత్తర్వు వచ్చింది. ఇంటర్నెట్‌లో ఎవరికి తోచింది వాళ్ళు మాట్లాడుతున్నారనీ, అందులో నిజంగా స్వతంత్రులెవరో ప్రజలకి తెలియడం లేదనీ, కనక ప్రతి పట్టణానికీ కనీసం ఒక స్వతంత్ర వ్యాఖ్యాతని ప్రభుత్వం గుర్తించి, ధ్రువీకరించి, కార్డు ఇవ్వాలనీ దాని సారాంశం. కనీసం ఒకరు అన్నారు కాబట్టి అది టార్గెట్టు. టార్గెట్టు అన్నాక కమిషనర్లకి నిద్ర పట్టదు.

మా కమిషనరు దయానిధి గారు కబురు పెట్టారు. నిజానికి ఆ ముందురోజే నేనొక వీడియోలో, అభిప్రాయం చెప్పడానికి ప్రభుత్వం అనుమతి ఇవ్వడమంత ఘోరం ఇంకోటి లేదని ఊగిపోయి ఉన్నాను. కాబట్టి రానని చెప్పాలి. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. కార్డుకి నీలం రిబ్బను ఉంటుందనీ, పంద్రాగస్టు నాడు జెండా దగ్గర మొదటి వరసలో కుర్చీ ఉంటుందనీ కబురు తెచ్చిన బంట్రోతు చెప్పాడు. ఫ్యాక్టరీలో పనిచేసినన్నాళ్ళూ నేను జెండా పండగనాడు లౌడ్‌స్పీకరు పక్కనే నిలబడ్డాను. ఆ కుర్చీ మీద నాకు ఆశ పుట్టింది. దాచుకోవడం దేనికి.

దయానిధి గారు మంచివారు. కాకపోతే మనిషితో మాట్లాడుతున్నా ఫైలుతో మాట్లాడుతున్నట్టే ఉంటుంది. సదరు పథకం నిమిత్తం పట్టణంలో విచారించగా పత్రికల వాళ్ళు పత్రికల మీదా, పార్టీల వాళ్ళు పార్టీల మీదా ఆధారపడి ఉన్నట్టు తేలిందనీ, తమరొక్కరే మిగిలారనీ సెలవిచ్చారు. పైగా తమరు అమెరికాని విమర్శిస్తారు గనక ఈ కార్యాలయానికి ఏ విధమైన ఇబ్బందీ లేదని కూడా మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలులో ఏదో గుచ్చుకుంది గానీ, కుర్చీ గుర్తొచ్చి నవ్వాను.

ఇక విచారణ ఒక్కటే మిగిలింది. స్వతంత్రుడంటే ఎవరి మీదా ఆధారపడనివాడని ఉత్తర్వులో స్పష్టంగా ఉంది. అది ఇంటికెళ్ళి తేల్చాలి. ఇళ్ళు తిరిగే అధికారి ఎవరు? గోవిందరాజులు గారు.

ఆయన వచ్చేసరికి నేను స్నానంలో ఉన్నాను. లేకపోతే కథ ఇంత దూరం వచ్చేది కాదు. వంకాయలు తరుగుతున్న భ్రమరాంబని, ఈయనకి రోజూ అన్నం ఎవరు పెడతారమ్మా అని అడిగారట.

"ఎవరు పెడతారండీ, నేనే," అంది భ్రమరాంబ.

ఇల్లెవరిదంటే, మా నాన్న నాకిచ్చింది అంది. కరెంటు బిల్లు ఎవరు కడతారంటే, కర్రీ పాయింటు మీద వచ్చిందాంట్లోంచే అంది. వెనకాల కట్టిన ఆ చీరో అంటే, అది మా అమ్మ పెట్టిందండీ, ఆ మైకు తగిలి జరీ పోతోంది అని చూపించింది కూడా. నేను తల తుడుచుకుంటూ బయటికొచ్చేసరికి గోవిందరాజులు గారి ముఖంలో జాలి కనపడింది. ఆయన నన్ను అలా చూడటం అదే మొదలు.

మర్నాడు దయానిధి గారి ముందు హాజరయ్యాను. ఆయన నివేదిక చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తరవాత మెల్లగా మొదలుపెట్టారు. తమరు కర్రీ పాయింటు మీద ఆధారపడి ఉన్నారు. కాబట్టి తమరి అభిప్రాయాలన్నీ కర్రీ పాయింటు నుంచి వెలువడుతున్నట్టే. సదరు కర్రీ పాయింటుకి మేమిచ్చిన లైసెన్సు తినుబండారాల నిమిత్తం. అందులో విదేశాంగ విధానం లేదు. లైసెన్సులో లేని సరుకు అమ్మితే చట్టప్రకారం బల్ల తీసెయ్యాలి.

ఆ బల్ల లేకపోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు. నేను వదులుకున్న జీతం ఇంటికి తెచ్చిపెట్టేది ఆ బల్లే. మార్గం లేదా అని చేతులు జోడించాను. సెనేటు ముందు ఎన్నడూ జోడించని చేతులు.

"ఉంది," అన్నారు దయానిధి గారు. "తమరు కర్రీ పాయింటు నుంచి విముక్తులైతే, సదరు బల్లతో ఈ కార్యాలయానికి నిమిత్తం లేదు."

విముక్తుణ్ణవడానికి నిజంగానే ప్రయత్నించాను. ఆ పూట నుంచీ నా అన్నం నేనే వండుకుంటానని ప్రకటించాను. భ్రమరాంబ పక్కకి జరిగి చోటిచ్చింది. అన్నం అడుగంటింది, పైన పలుకుగా మిగిలింది. పర్యవేక్షణకి వచ్చిన గోవిందరాజులు గారు అది చూసి, వండింది మీరే, ఒప్పుకుంటాను, కానీ పొయ్యి ఎవరిది అన్నారు. మస్తాన్ దగ్గర కిరసనాయిలు పొయ్యి అరువు తెచ్చాను. అయితే మస్తాన్ మీద ఆధారపడ్డారు అన్నారు. అరటిపళ్ళు తిని ఉంటానంటే, చెట్టెవరిదని అడిగారు. ఆ ప్రశ్నతో నాకు నీరసం వచ్చి కూలబడ్డాను. కూలబడిన చాప కూడా భ్రమరాంబదే. అది కూడా రాసుకున్నారు.

రెండోసారి పిలిచినప్పుడు దయానిధి గారు హుషారుగా ఉన్నారు. దారి దొరికిందన్నారు. మనిషన్నాక ఎవరి మీదో ఒకరి మీద ఆధారపడక తప్పదనీ, అయితే ప్రభుత్వం మీద ఆధారపడటం ఆధారపడటం కిందికి రాదనీ వివరించారు. ఎందుకంటే ప్రభుత్వం అందరిదీ. అందరిదీ అయినప్పుడు మనది కూడా. మనది మనం తింటే ఆధారపడటం ఎలా అవుతుంది? కాబట్టి తమరు సంపూర్ణంగా ప్రభుత్వం మీద బతికితే సంపూర్ణ స్వతంత్రులవుతారు.

ప్రభుత్వం నీడ కూడా మనిషి మీద పడకూడదని నేను చెప్పిన వీడియోలు ఒక్కసారిగా కళ్ళ ముందు తిరిగాయి. ఆ వాదనలో ఎక్కడో బొక్క ఉందని తెలుస్తూనే ఉంది. అది వెతికి పట్టుకునే లోపల బంట్రోతు నా మెళ్ళో నీలం రిబ్బను వేసేశాడు. కార్డు మాత్రం రాజధాని నుంచి పరిశీలకుడు వచ్చి చూసుకున్నాకే ఖాయమవుతుందన్నారు. బల్ల కోసమే ఇదంతా చేస్తున్నానని భ్రమరాంబతో చెప్పాను. ఆవిడ రిబ్బను వైపు చూసి, బట్టలు సంచిలో సర్ది ఇచ్చింది.

మునిసిపల్ ఆఫీసు మేడ మీద, పాత చలివేంద్రం కుండలు పెట్టే గది ఖాళీ చేసి నాకిచ్చారు. మంచం ప్రభుత్వానిది. ఫ్యాను ప్రభుత్వానిది. మూడు పూటలా మునిసిపాలిటీ క్యాంటీన్ నుంచి భోజనం. గోడకి ప్రభుత్వ తెల్లగుడ్డ కట్టి, దాని ముందు కూచుని, ప్రభుత్వాన్ని కుదించాలని ఉపన్యాసాలిచ్చాను. ప్రతి వీడియో మొదట్లో ఒక మాట చదవమన్నారు. "ఈ క్రింది అభిప్రాయాలు పూర్తిగా స్వతంత్రమైనవని పిప్పలంక పురపాలక సంఘం ధ్రువీకరించడమైనది." చదివాను. మీ అభిప్రాయాల్లో మేం వేలు పెట్టం అని దయానిధి గారు అన్నారు, అన్నట్టే పెట్టలేదు. పెట్టాల్సిన అవసరం వాళ్ళకి రాలేదు.

సిగ్గు విడిచి చెప్తాను, ఆ బతుకు నాకు నచ్చింది. మొదట్లో ఫ్యాను కిర్రుమంటుంటే ఊరుకున్నాను. తరవాత రెండో ఫ్యాను అడిగాను. ఆ తరవాత కుర్చీ మీదికి తువ్వాలు అడిగాను, పెద్ద అధికారుల కుర్చీలకి ఉంటుందే అలాంటిది. వాషింగ్టన్‌లో పనిలేని ఉద్యోగుల్ని వేలకి వేలు పీకెయ్యాలని నేను చేసిన వీడియో ఉంది చూడండి, అందులో ఫోను కదలకుండా పట్టుకుంది బంట్రోతు. ఆ వీడియో అయ్యాక, రోజూ ఒకే మనిషైతే చెయ్యి వణుకుతోందని ఇంకో బంట్రోతు కావాలని అర్జీ పెట్టాను. మంజూరైంది.

ఒక్క భోజనమే బాగుండేది కాదు. సాంబారులో ముల్లంగి, పులుసులో ముల్లంగి, కూరా ముల్లంగే. సాయంత్రం మేడ మీద నిలబడితే మా వీధి వైపు నుంచి పోపు వాసన వచ్చేది. నేను స్వతంత్రుణ్ణని గుర్తు చేసుకుని గదిలోకి వెళ్ళిపోయేవాణ్ణి.

ఇంతలో పరిశీలకుడు వచ్చే రోజు ఖాయమైంది. మునిసిపాలిటీలో హడావుడి మొదలైంది. స్వతంత్ర వ్యాఖ్యాత పుట్టి పెరిగిన పట్టణం అంటూ బోర్డులు రాయించారు. ఒక బోర్డు మా ఇంటి ముందు పాతాలన్నారు, 'స్వతంత్ర వ్యాఖ్యాత గారి పూర్వ నివాసం' అని. పూర్వ అన్న మాట నాకు నచ్చలేదు గానీ అక్షరాలు పెద్దవిగా రాయించారని సర్దుకున్నాను. ఆ సాయంత్రం గోవిందరాజులు గారు నా గదికి వచ్చి, నా కుర్చీ తువ్వాలుతో చెమట తుడుచుకుని, ఆ బోర్డుకి కర్రీ పాయింటు అడ్డొస్తోందనీ, పరిశీలకుడు అటు వస్తే పోపు వాసనకి పాత సంబంధం బయటపడే ప్రమాదం కూడా ఉందనీ, ఆఫీసులో భోజనమయ్యి ఆయన అటు వెళ్ళేలోపు బల్ల తీయించేస్తున్నామనీ చెప్పారు.

ఏ బల్ల కాపాడటానికి ఇక్కడికి వచ్చానో ఆ బల్ల నా బోర్డు కోసం తీసేస్తున్నారు. అది కుదరదండీ అనాలి. నోరు తెరిచాను.

"అలాగేనండి," అన్నాను.

ఆయన వెళ్ళాక కోపం వచ్చింది. నాకు కోపం ఎప్పుడూ మనిషి వెళ్ళాకే వస్తుంది. వెంటనే వీడియో మొదలుపెట్టాను. ఒహాయో రాష్ట్రంలో ఒక రైతు ఉన్నాడనుకోండి అన్నాను. అతని కంచె మీదికి అధికారులు వచ్చారనుకోండి. తాతలనాటి కంచెని పీకేస్తే ఆ కుటుంబం ఏం తిని బతుకుతుందని అడిగాను. కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. అధికారి ముందు తలెత్తి నిలబడని జాతి ఒక జాతేనా అని కుర్చీ చెయ్యి మీద చరిచాను. తువ్వాలు జారి కింద పడింది.

కింద మొదటి కామెంటు మస్తాన్‌ది. "సార్, ఒహాయో సంగతి సరేనండి. ఇక్కడ అక్కయ్య గారి బల్ల తీసేస్తారంట. మీకు తెలుసా?"

జవాబు టైపు చేశాను. "ఇది అమెరికా ఛానల్. స్థానిక అంశాలు ఇక్కడ చర్చించబడవు." పంపించాక ఫోను బోర్లా పెట్టేశాను.

పరిశీలకుడు వచ్చారు. పొట్టిగా, తెల్లగా, ఎవరినీ నొప్పించని మనిషి. నా గది చూశారు, మంచం నొక్కి చూశారు, రెండు ఫ్యాన్లూ వేయించి చూశారు. మీరెవరి మీద ఆధారపడతారు అని అడిగితే, ప్రభుత్వం మీద తప్ప ఇంకెవరి మీదా ఆధారపడనని నేర్పించినట్టే చెప్పాను. ఆయన తృప్తిగా తలూపారు. దయానిధి గారి ముఖం పున్నమినాటి చంద్రుడిలా వెలిగింది. ఇక భోజనం ఒక్కటే. అదయ్యాక సంతకం.

అంత పెద్ద అధికారికి క్యాంటీన్ ముల్లంగి పెట్టలేరు కదా. ఊళ్ళో మంచి కూరలెక్కడ దొరికితే అక్కణ్ణుంచి తెమ్మని దయానిధి గారు ఆర్డరు వేశారట. బంట్రోతులకి తెలిసిన చోటు ఒక్కటే. ఎవరూ ఎవరినీ అడగలేదు. విస్తళ్ళు వేశాక గిన్నె మూత తీశారు. గుత్తివంకాయ. ఆ వాసన తగిలేసరికి నేను ఎక్కడున్నానో మర్చిపోయాను.

పరిశీలకుడు మొదటి ముద్ద తిని కళ్ళు మూసుకున్నారు. రెండో వంకాయ ఆయనే వడ్డించుకున్నారు. ఇంత కమ్మని వంకాయ మా అమ్మ చేతి తరవాత మళ్ళీ తినలేదు, ఎవరు చేశారండీ ఇది, అని అడిగారు.

"మా ఆవిడండీ," అన్నాను.

నోట్లో వంకాయ ఉన్న మొగుడు ఎవడైనా ఆ మాటే అంటాడు. అక్కడితో ఆగినా బాగుండేది. అదృష్టవంతులు, రోజూ ఇదే తింటారా అన్నారాయన. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇదేనండీ, ఆవిడ లేకపోతే నేను ఒక్క పూట కూడా ఉండలేనండీ, అన్నాను. గర్వంగా అన్నాను. దయానిధి గారి చెయ్యి విస్తరి మీదే ఆగిపోయింది. గోవిందరాజులు గారు మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టారు.

పరిశీలకుడు మాత్రం తొందరపడలేదు. పెరుగన్నం కూడా పూర్తి చేసి, చెయ్యి కడుక్కుని, తుడుచుకుని అప్పుడు మాట్లాడారు. నన్నేమీ తిట్టలేదు. వ్యాఖ్యాత స్వయంగా, ఎవరి ఒత్తిడీ లేకుండా, తాను భార్య మీద ఆధారపడి ఉన్నట్టు ఒప్పుకున్నందువల్ల స్వతంత్రుడిగా గుర్తించడం సాధ్యపడలేదని బంట్రోతు చేత రాయించారు. వెళ్తూ వెళ్తూ మిగిలిన వంకాయ చిన్న డబ్బాలో పెట్టించుకున్నారు.

బంట్రోతు నా రిబ్బను తీసుకున్నాడు. ఇంకో బంట్రోతు ఫ్యాను కట్టేశాడు. సదరు వ్యక్తి మూలంగా ఈ కార్యాలయ ప్రతిష్ఠకి భంగం కలిగిందనీ, సదరు బల్ల విషయం తాము స్వయంగా చూసుకుంటామనీ దయానిధి గారు నా ముఖం చూడకుండా చెప్పారు. సంచి భుజాన వేసుకుని ఇంటికి నడిచాను. దారంతా ఏం చెప్పాలా అని ఆలోచించాను. అమెరికా గురించైతే ఆలోచించక్కర్లేకుండా వచ్చేస్తాయి మాటలు.

భ్రమరాంబ కూరలు దించుతోంది. నా పూర్వ నివాసం బోర్డు గోడకి ఆనించి ఉంది, దాని మీద ఎవరో తువ్వాలు ఆరేశారు. జరిగిందంతా చెప్పాను. అలాగేనండి అన్న సంగతి కూడా చెప్పాను. అది చెప్పేటప్పుడు ఆవిడ ముఖం చూడలేకపోయాను. ఆవిడ వింటూనే ఉంది, చెయ్యి ఆపలేదు. కథ అయ్యాక, ఆకలేస్తోంది భ్రమరా అన్నాను.

"మీ వీడియోలు ఇన్నాళ్ళూ గోడవతల నుంచి వింటూనే ఉన్నానండీ," అంది. "ఊరికే ఎవరికీ ఏదీ పెట్టకూడదు, పని చేసినవాడికే తిండి అంటారు కదా. నాకది సబబుగానే తోచింది. అదుగో, ఉల్లిపాయలు అక్కడున్నాయి."

బల్ల పక్కనే కత్తిపీట ముందు కూచున్నాను. ఆవిడ మాటలో ఎత్తిపొడుపు ఉందా అని వెతికాను, కనపడలేదు. ఏడు గంటలైంది, రోజూ నేను లైవు పెట్టే వేళ. అలవాటు చావదు కదా, ఆవకాయ జాడీకి ఫోను ఆనించి, ఉల్లిపాయలు తరుగుతూనే లైవు మొదలుపెట్టాను. మిత్రులారా, వాషింగ్టన్‌లో పరిస్థితి చాలా దారుణంగా ఉంది అన్నాను. కళ్ళలోంచి ధారగా నీళ్ళు కారాయి. అమెరికా కోసం నేనంతగా ఏడవడం చూసి ఎవరో కింద దణ్ణం బొమ్మ పెట్టారు.

బల్ల ముందు వరస పెరిగింది. మస్తాన్ ఉన్నాడు, చేతిలో టేపు ఇంకా వేలాడుతోంది. అతని వెనక ఓ ముసలావిడ గిన్నె పట్టుకుని నిలబడింది. అప్పుడు మలుపు తిరిగిన మోటారు సైకిలు చప్పుడు వినపడింది. నా గొంతు తగ్గింది. అది దాని పద్ధతి.

గోవిందరాజులు గారు బండి అడ్డంగా ఆపారు. జేబులో మడిచిన కాగితం కనపడుతోంది. అదేమిటో నాకు తెలుసు. బల్ల తీసెయ్యమనే కాగితం. అది తీసేముందు ఆయన అలవాటు ప్రకారం పక్క నుంచి చెయ్యి చాపారు. ఆ చెయ్యి నా ముఖం ముందు నుంచి, నా ఫోనుకీ నాకూ మధ్య నుంచి వెళ్ళింది. వేళ్ళకి ఉంగరాలు రెండు. బల్ల తీసేసే ముందు రోజు కూడా కూర కావాలి ఆయనకి. నాకేదో అయింది. ఉల్లిపాయల ఘాటో, మధ్యాహ్నం సగంలో ఆగిన భోజనమో చెప్పలేను.

"వరసలో రండి, గోవిందరాజులు గారూ," అన్నాను.

నా గొంతేనా అని నేనే అటూ ఇటూ చూశాను. భ్రమరాంబ గరిటె ఆగిపోయింది. వరసలో ఎవరూ చెప్పులు చూసుకోలేదు. గోవిందరాజులు గారు చెయ్యి అలాగే ఉంచి, మీరేనా మాట్లాడింది అని అడిగారు. నేనేనండి అన్నాను. అండి మాత్రం మానలేకపోయాను. రేపీ బల్ల ఉండదు తెలుసా అన్నారు. రేపటి సంగతి రేపండి, ఇవాళ మాత్రం ఆ ముసలావిడ మీకంటే ముందొచ్చిందండి అన్నాను. చేతిలో సగం తరిగిన ఉల్లిపాయ అలాగే ఉంది.

అప్పుడాయన ఆవకాయ జాడీ వైపు చూశారు. ఫోను, అందులో తన చెయ్యి, ఉంగరాలు. అది నడుస్తోందని నేను పూర్తిగా మర్చిపోయాను. గుర్తుంటే ఆ మాట నా నోట్లోంచి వచ్చేది కాదు, ఇది మీరు నమ్మాలి. మస్తాన్ ముందుకి వంగి తెర చూసి, చూసేవాళ్ళు ఎక్కువయ్యారండి సార్ అన్నాడు. గోవిందరాజులు గారు చెయ్యి వెనక్కి తీసుకున్నారు. బండి దిగారు. ఆయన బండి దిగడం మా వీధిలో ఎవరూ చూసి ఉండరు. వెళ్ళి ముసలావిడ వెనక నిలబడ్డారు. ఆవిడ ఆయన కాలు తొక్కకుండా కాస్త ముందుకి జరిగింది.

ఆయన వంతు వచ్చినప్పుడు, ఏం కావాలండీ అని భ్రమరాంబ అందరినీ అడిగినట్టే అడిగింది. గుత్తివంకాయ అన్నారాయన. అయిపోయిందండీ, ముల్లంగి ఉంది అంది. ఆయన ముల్లంగే తీసుకుని వెళ్ళిపోయారు. కాగితం జేబులోంచి తీయలేదు.

గిన్నె అడుగున నా కోసం ఒక వంకాయ దాచి ఉంది. అది విస్తట్లో వేస్తూ, ఇంకో నాలుగు ఉల్లిపాయలు తరిగితే పొద్దుటికి సరిపోతాయండీ అంది భ్రమరాంబ. తరిగాను. మస్తాన్ ఆ వీడియో చూసినవాళ్ళ కామెంట్లన్నీ చదివి వినిపించాడు. ఒక్కరూ అమెరికా ఊసెత్తలేదు. మా వీధిలోనూ ఇదే అండి అని ఒకరు, మా ఊళ్ళో దీపాల సంగతి చెప్పండి అని ఒకరు. వాటికేం జవాబివ్వాలో తెలీక ఫోను కట్టేశాను.

ఇది రాస్తున్నప్పటికి బల్ల ఇంకా ఉంది. రేపు ఉంటుందో లేదో చెప్పలేను. అదే అమెరికాలో అయితే కచ్చితంగా చెప్పేవాణ్ణి.